ఐదో పాట

బ్యాండు పెట్టి మూడు వారాలైంది. ఒక్క పాటా మొదటి నుంచి చివరి దాకా రాలేదు.

నందీశ్ గిటారు. నేత్ర డ్రమ్ములు. పవిత్ర రెండో గిటారు వాయిస్తూ పాడుతుంది. ముగ్గురూ ఒకే కాలేజీ. మారికుప్పం స్టేషన్ రోడ్డులో నందీశ్ మేనమామ మూసేసిన సైకిల్ షాపే వాళ్ల ప్రాక్టీసు గది. కోలారులో జరిగే ఫెస్టుకు ఇంకా ఏడు వారాలుంది.

నందీశ్ పట్టుకొచ్చిన రాక్ పాట మహా వేగం. అతని వేళ్లు ఒక వరస అందుకునేలోపల నేత్ర రెండు వరసలు దాటిపోయేది. సులువైన పాటలేవని ఫోనులో వెతికితే, ఒకరు సులువన్నదాన్ని ఇంకొకరు వద్దనేవాళ్లు. ఏది పట్టుకోవాలో ముగ్గురికీ తెలియడం లేదు.

ఆ సాయంత్రం బెంగళూరు రైలు దిగి వెళ్తున్న ఒక పెద్దాయన షాపు ముందు ఆగాడు. సెక్యూరిటీ గార్డు చొక్కా, చేతిలో టిఫిన్ క్యారియర్.

"ఇది ఇప్పుడొద్దప్పా" అన్నాడు. "ముందర నిదానంగా పొయ్యేది ఒకటి పట్టుకోండి."

ఏదని నందీశ్ అడిగాడు. పేరు ఆయనకు తెలియదు. పెదవులు మూసుకుని రాగం తీశాడు.

ముగ్గురూ మొహామొహాలు చూసుకున్నారు. ఏదో పాత ఇంగ్లిష్ పాటలా ఉంది. పవిత్ర ఎలాగో ఫోనులో పట్టుకుంది. గిటారు మీద పట్టాల్సినవి మూడే కార్డ్స్, అవే తిరిగి తిరిగి వస్తాయి.

నాలుగు రోజుల్లో ఆ పాట చివరి దాకా వచ్చేసింది.

ఆయన పేరు గుండప్ప. ముందు బంగారు గనిలో పని, అది మూతపడ్డాక బెంగళూరులో గార్డు ఉద్యోగం. తన గురించి అంతకుమించి చెప్పలేదు. రోజూ రైలు దిగి, గడప బయటే నిలబడి పది నిమిషాలు వినేవాడు. దగ్గొస్తే రోడ్డు మీదికెళ్లి దగ్గి, మళ్లీ వచ్చేవాడు.

రెండో పాటా ఆయనే చెప్పాడు, మూడోదీ ఆయనే. ఒకటి బాగా వచ్చేదాకా ఇంకొకటి చెప్పేవాడు కాదు.

మూడో పాట రాగం తీస్తూ ఒకచోట ఆగాడు.

"ఈడ వేలు తగులుకుంటాది. ఈ ముక్క ఒక్కటే ఇరవైసార్లు వాయించల్ల. అప్పుడు దారికొస్తాది."

నందీశ్ వేలు సరిగ్గా అక్కడే తగులుకుంది.

వేళ్ల చివర బొబ్బలొస్తే వారం ఓర్చుకోమన్నాడు, తర్వాత నొప్పే తెలియదన్నాడు. అదీ నిజమే అయింది.

ఇంత తెలిసిన మనిషి గిటారు మాత్రం ముట్టుకోడు. నందీశ్ ఒకసారి చేతికివ్వబోతే రెండడుగులు వెనక్కి వేసి, తనకు రాదన్నాడు. రాకపోతే ఇవన్నీ ఎలా తెలుసని నేత్ర అడిగితే, టైమైందంటూ వెళ్లిపోయాడు.

చర్చిలో వాయించేవాడేమోనని నేత్ర అంది. ఏదో పెద్ద బ్యాండులో ఉండి గొడవపడి మానేశాడని నందీశ్ ఊహ. పవిత్రకు ఏదీ నమ్మబుద్ధి కాలేదు.

నాలుగో పాటకు రెండు వారాలు పట్టింది. అది పూర్తిగా వచ్చిన రోజు గుండప్ప కళ్లు మూసుకుని విన్నాడు.

ఫెస్టులో ఐదు పాటలు వాయించాలి. ఐదోది ఏదని పవిత్ర అడిగింది.

ఆయన క్యారియర్ కింద పెట్టాడు.

"నాకు తెలీదమ్మా. నాకు ఈ నాలుగే తెలుసు."

నందీశ్‌కు కోపం వచ్చింది.

"చెప్పే మనసు లేకపోతే లేదని చెప్పల్ల తాతా. ఇంగ దినామూ వచ్చి వాకిట్లో నిలబడేది దేనికి?"

గుండప్ప తలూపి, క్యారియర్ తీసుకుని వెళ్లిపోయాడు. మరునాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

వెళ్లి చూసొద్దామని పవిత్ర రెండుసార్లు అంది. ఆయనే వస్తాడులే అన్నాడు నందీశ్. ఇంతలో ఫెస్టు దగ్గరపడింది. ఐదో పాట వాళ్లే ఎంచుకున్నారు.

కోలారు స్టేజీ మీద నాలుగు పాటలూ తడబాటు లేకుండా సాగాయి. తాము ఎంచుకున్న ఐదోది సగంలో చెదిరిపోయింది. అయినా మూడో బహుమతి వచ్చింది.

పెద్దాయన దగ్గరికి వెళ్లి తప్పయిందని చెప్పాలన్నది నందీశే.

స్టేషన్ ముందు టీ కొట్టులో అడిగితే ఇల్లు చెప్పారు. పాత గని క్వార్టర్స్‌లో చివరి వరస. తలుపు తీసినావిడకు ముప్పై అయిదేళ్లుంటాయి. గుండప్ప కూతురినని, పేరు నయన అని చెప్పింది. నాయన పోయి పన్నెండు రోజులైందట. గనిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి ఎన్నో ఏళ్లయిందట.

పవిత్ర, ఆయన తమకు గిటారు పాటలు చెప్పిన గురువని అంది.

నయన అయోమయంగా చూసింది.

"మీరు ఇల్లు తప్పొచ్చినట్టుండారు. మా నాయనకి గిటారు సద్దంటేనే గిట్టదు."

పవిత్ర మొదటి పాట రాగం తీసింది. తర్వాత రెండోది.

రెండో పాట మధ్యలోనే నయన గోడ పట్టుకుని గడప మీద కూర్చుంది. మూడోది విన్నది. నాలుగోదీ విన్నది.

తర్వాత లోపలి గది వైపు చూపించింది.

"కాలేజీలో ఉండేటప్పుడు లోపలి రూములో తలుపేసుకుని ఈ నాలుగు పాటలూ గిటారు మీద నేర్చుకుంటిని, ఇదే వరసలో. మా నాయన నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకునేది. ఒక్క దినమన్నా వినుంటాడని నేననుకోలేదు."

నయన వెనక్కి తిరిగి ఆ గది గోడ చూసింది.

"ఐదోది మొదలుపెట్టిన దినమే, నిద్ర చెడగొడతాండానని, మా నాయన నా గిటారు గోడకేసి కొట్టినాడు."