మట్టికుప్ప చూసిన ఉడుత

చలాకి అనే ఉడుతకు మొదట ఉన్నవి ముప్పై వేరుశనగ కాయలు. ఎలుకలు వేరుశనగ చేను దాకా సొరంగం తవ్వుతూ, తమకు తిండి పెట్టినవాళ్లకు రాబడిలో వాటా ఇస్తామన్నాయి. కాయకో వాటా. ఉడుత వానాకాలానికని ఇరవై కాయలు తొర్రలో దాచి, పదే పెట్టింది.

"పిరికిదానా!" అని నవ్వి, గోరింకత్త తన కాయలన్నీ ఊడ్చి పెట్టేసింది.

ముసురు పట్టింది. సొరంగం మునిగిందని పుకారు లేచింది. వాటాలున్నవాళ్లు కాయకు రెండు చొప్పున అమ్ముతామన్నా కొనే దిక్కు లేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, గోరింక ఉన్న వాటాలన్నీ అమ్ముకోవడానికి బయల్దేరింది. దారిలో ఉడుత తాపీగా కాయ వలుచుకుంటోంది.

"ఎంత గుండె ధైర్యమే నీకు!"

"ధైర్యం కాదత్తా, కడుపు నిండింది. అందుకే తీరిగ్గా వెళ్లి చూసొచ్చా. సొరంగం మూతి దగ్గర మట్టికుప్ప నిన్నటికంటే పెరిగింది. తవ్వకం ఆగలేదు."

గోరింక నోరు తెరిచింది. అడవంతా పుకారు వింటూ కూర్చుంటే, ఈ పిల్ల వెళ్లి మట్టికుప్ప చూసిందా!

"ఇవి పిల్లలకు పెట్టు, వాటాలు అమ్మకు" అని ఉడుత నాలుగు కాయలు ఆమె ముందుంచింది. ముసురు తగ్గేదాకా తన తిండికి ఎన్ని కావాలో లెక్కేసుకుంది. ఇంకా రెండు మిగిలాయి.

"రెండింటికి నాలుగు వాటాలు!" అంటూ వాటిని బుగ్గన పెట్టుకుని, వాటాలు అమ్మేవాళ్లు గుమిగూడిన వైపు వానలోనే దూకింది.