ఈడికి రాండప్పా

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ గేటు పక్కన లారీలు తూచే కాటా ఉంది. దాన్ని ఆనుకునే కాటా గది. అందులో రాత్రి డ్యూటీ యేసుప్రసాద్‌ది. లారీలు రానప్పుడు ఫోన్‌లో ఆన్‌లైన్ హాకీ ఆడతాడు. ఆ వేళకు తోడు ఆడే మనుషులు దొరకరు కాబట్టి జట్టులో మిగతా ఇద్దరినీ కంప్యూటరే ఆడిస్తుంది. వాళ్లతోనే అతనికి చావొచ్చి పడింది. గోలు ముందు తను ఖాళీగా నిలబడితే, వాళ్లు బంతి పట్టుకుని ఒక మూలనే తిరుగుతారు.

"ఏమప్పా, ఒక్కడివే ఎవరిని తిడతాండావు?" తూకం చీటీ అందుకుంటూ అడిగాడు లారీ డ్రైవరు ఓబుళేశు.

"ఉండారులే ఇద్దరు, శానా తెలివైనోళ్లు!"

లారీ వెళ్లిపోయింది. ఆట ఆఖరి నిమిషం. మళ్లీ అదే మూల. యేసుప్రసాద్‌కు ఒళ్లు మండింది.

"యాడ తిరుగుతాండారు? ఈడికి రాండప్పా, ఈడికి!" అని అరిచాడు.

ఇద్దరూ ఆగారు. బంతి వదిలేసి, తెర వైపు తిరిగి నడుచుకుంటూ వచ్చారు. కింది అంచు దాటి కనిపించకుండా పోయారు.

"థూ, ఇదేం ఆట!" ఫోను బల్ల మీద పడేశాడు. అప్పుడు ఆ పక్కనే తూకం చూపించే కాటా అంకెల మీద చూపు పడింది. బయట లారీ లేదు. సున్నా ఉండాల్సిన చోట ఎనభై కిలోలు ఉంది. చూస్తుండగానే నూట అరవై అయింది.

"ఈడ అంటే ఈడ కాదప్పా," అన్నాడు మెల్లగా. "గోలు కాడ."

అంకె ఎనభైకి తగ్గింది. తర్వాత సున్నాకు. బల్ల మీది ఫోన్‌లో గోలు ముందు ఇంకా తనొక్కడే ఉన్నాడు.

కాటా దిగితే గది తలుపుకు నాలుగే అడుగులు.