విడివిడిగా కొలిచారు

నూకరత్నం చేపలు తోముతుండగా వంటింటి గోడ మీద తెర వెలిగింది. ఈ ఏడాది కబడ్డీ పోటీల ఫలితాలను యంత్రం లెక్కగట్టేసింది. తమ అనకాపల్లి జట్టుది మళ్లీ ఆఖరి స్థానం. లెక్క తప్పదన్న నమ్మకంతో ఆటలు ఆడించడమే మానేసి చాలా ఏళ్లయింది.

"ఈసారి పట్టడానికి నలుగురు కొత్తోళ్లని తెచ్చుకున్నాం కదేటి! ఒంటికి మట్టయినా అంటలేదు, అప్పుడే ఓడిపోనారా?" అని నూకరత్నం మండిపడింది.

"నలుగురి బలాన్నీ విడివిడిగా, జాగ్రత్తగా కొలిచామండీ," అంది తెర మర్యాదగా.

"విడివిడిగానా? కూతకొచ్చినోడిని చేతులు పట్టుకుని, గొలుసు కట్టి కదా పట్టేది! అది కొలిచారేటి?"

తెర ఆరిపోయింది.

"పోనీలేవే, ఏటా ఉన్నదే కదా," అన్నాడు భర్త సింహాద్రి.

ఆమె పొలుసు చేతులతోనే మైదానానికి నడిచింది. కొలతలిచ్చిన నలుగురు కుర్రాళ్లూ ఇళ్లకు వెళ్లడానికి సంచులు సర్దుకుంటున్నారు. నూకరత్నం కాలితో మట్టిలో గీత గీసింది. కుచ్చిళ్లు ఎగదోపి, "కబడ్డీ, కబడ్డీ" అంటూ వాళ్ల మీదికి దూకింది.

కుర్రాళ్లు సంచులు వదిలేసి చేతులు పట్టుకున్నారు. తిరిగి పరిగెత్తబోయిన ఆమెను గీతకు జానెడు దూరంలో చుట్టేసి ఆపేశారు.

"ఆ కొలిచినోళ్లని రమ్మనండి," అంది నూకరత్నం రొప్పుతూ. "ఇప్పుడొచ్చి కొలవమనండి!"