భైరవునికి ద్రాక్షపండ్లు

శనివారం పొద్దున్నే కల్లూరులో నాగలక్ష్మమ్మ వాకిట్లో గొడవ మొదలైంది.

దేవుడికి నైవేద్యం పెట్టిన ద్రాక్షపండ్లను ఆమె కుక్క ముందు పెడుతుంటే, గేటు దగ్గర నిలబడ్డ ముసలాయన ఎవరో గబగబా లోపలికొచ్చి పళ్లెం లాక్కున్నాడు.

"ద్రాక్ష పెట్టొద్దుమ్మా. కుక్కకు విషం. మా ఇంట్లో ఒకటి ఇట్లనే సచ్చిపాయ."

నాగలక్ష్మమ్మకు ఒళ్లు మండింది. మండదూ మరి! నిరుడు ఎండల్లో కాళ్లు బొబ్బలెక్కి, డొక్కలెండి, తనంతట తానే వచ్చి ఈ వాకిట్లో పడిన కుక్క అది. ఒంటరి ఇంటికి కాలభైరవుడే నడిచొచ్చాడని ఆమె నమ్మకం. అందుకే దానికి భైరవుడని పేరు పెట్టుకుంది. శనివారం ప్రసాదంలో మొదటి వాటా దానిదే.

"దేవుని ప్రసాదాన్ని విషమంటావా? నీ నోట్లో మన్నుబడ, ఎవరప్పా నువ్వు?"

ముసలాయన సంచిలోంచి జామపండు తీసి, గింజల భాగం గీకేసి, చిన్న ముక్కలు చేసి అరచేతిలో పెట్టాడు. పరాయి చేతి మెతుకు ముట్టని భైరవుడు తోకాడించుకుంటూ తినేశాడు.

అది చూసి ఆమెకు ఇంకా మంటెత్తింది. కుక్కల దొంగ అని అరిచింది. వీధి వీధంతా చేరి అతన్ని గెంటేసింది.

జామ, అరటి, గింజలు తీసిన పుచ్చకాయ రవ్వంత పెట్టొచ్చని, ద్రాక్ష మాత్రం వద్దని పోతూ పోతూ కూడా బతిమాలాడు.

పంతం పట్టిన మనిషికి మంచిమాట ఎక్కుతుందా? పళ్లెంలోవన్నీ భైరవునికే పెట్టేసింది.

మధ్యాహ్నానికి వాంతులు. సాయంత్రానికి కుక్క లేవలేకపోయింది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు ఏం తిన్నదని అడిగితే, ఆమె నోటికి ముసలాయన మాటే వచ్చింది. ద్రాక్ష అనగానే డాక్టరు సెలైను పెట్టించాడు. ఆ సంగతి చెప్పకపోతే అజీర్తి మందిచ్చి పంపేవాడినని, కిడ్నీలు పోయేవని తర్వాత అన్నాడు.

కుక్క బతికింది. నాగలక్ష్మమ్మకు మాత్రం ముద్ద దిగలేదు. ఆ పెద్దమనిషి కాళ్లు పట్టుకోవాలని, ఆయన్ను ఎక్కించుకుపోయిన షేర్ ఆటో యూసుఫ్‌ను వెతికి పట్టుకుంది.

పేరు గాబ్రియేలని చెప్పాడట. ఏ ఊరో యూసుఫ్ అడగలేదు. బస్టాండులో దిగి జనంలో కలిసిపోయాడు.

"ఆటో ఎనక్కి తిప్పుతానంటే వద్దన్నాడు పెద్దమ్మా. ఆ ఇంట్లో ఎవరెవరుండారని అడిగినాడు. ఆయమ్మకు ఆ కుక్క తప్ప ఎవరూ లేరంటి. ఇంగ దారంతా కండ్లు తుడుసుకుంటానే ఉన్నాడు."

"ఎనక్కి తిప్పడం దేనికి నాయనా?"

యూసుఫ్ తల దించుకున్నాడు.

"అది ఆయన కుక్కే పెద్దమ్మా. నిరుడు ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు తప్పిపోతే, ఇన్నాళ్లూ ఎతుక్కుంటా ఎతుక్కుంటా నీ వాకిట్లోకి వచ్చినాడు."