అడకత్తెర పాఠాలు

"అన్నయ్యా, నా అడకత్తెర ఇస్తే పోతా," అంటూ పిచ్చమ్మ అరుగు మీద బాసింపట్టు వేసుక్కూర్చుంది.

గోపాలకృష్ణయ్య మాస్టారి గుండెల్లో రాయి పడింది. పక్కింటి పిచ్చమ్మ వక్కలు కత్తిరించుకునే ఇత్తడి అడకత్తెర అది. బొల్లాపల్లిలో వాళ్ళమ్మ వాడి వాడి ఆమెకిచ్చింది. పనిముట్ల పేర్లు ఎలా పుట్టాయో రాసుకునే పిచ్చి ఆయనది. బొమ్మ గీసుకుని ఇచ్చేస్తానని తెచ్చి బీరువాలో భద్రంగా పెట్టాడు. బీరువా భద్రంగానే ఉంది, అడకత్తెరే లేదు.

వారంగా ఆమె సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకి వస్తోంది. ఆయన ఏదో ఒక పేరు ఎత్తుకుని, అరగంట దంచి, పంపేస్తున్నాడు. నరసరావుపేటలో ముప్పై ఏళ్ళపాటు పిల్లలకి అబద్ధమాడొద్దని చెప్పిన నోరు, పోగొట్టానని చెప్పడానికి మాత్రం పెగలడం లేదు.

లోపల ఆయన భార్య కోటేశ్వరి చూస్తున్న సీరియల్లో ఎవరో బోరున ఏడుస్తున్నారు. ఈ వారమంతా ఆమెకి ఒక్క మాట పుట్టుక చెప్పే తీరిక కూడా ఆయనకి చిక్కలేదు.

"అడకత్తెర అంటే గుర్తొచ్చింది పిచ్చమ్మా. మనం వక్క అంటాం, పోక అంటాం. మరి ఈ 'అడ' ఎక్కడిది?"

"కన్నడమోళ్ళు వక్కని అడికె అంటారు. మనం మర్చిపోయినా పనిముట్టు మర్చిపోలా. మొన్ననే చెప్పావు గదా."

మాస్టారు పట్టు వదల్లేదు. "పోనీ, కొడవలి విను. కొడు అంటే వంపు. వాలు అంటే కత్తి."

"కొడవలి వంకరగా ఉంటదని కోతకి పోయేదానికి చెప్తావేంది?"

"పొయ్యి మీద ఏదన్నా పెట్టి వచ్చావేమో, చూసుకో అమ్మా."

"పొయ్యే వెలిగించలా. బిర్యానీ తెప్పించా. నువ్వు నిమ్మళంగా చెప్పు."

కత్తిపీట అయింది. బాడిస అయింది. గొడ్డలితో ఆయన సరుకు అయిపోయింది. ఇక కోయడానికి ఏ కత్తీ మిగల్లేదు.

"పోయింది పిచ్చమ్మా," అన్నాడు తల వంచుకుని. "మీ అమ్మ చేతి వస్తువు పోగొట్టేశాను. వారం నుంచి నీ మొహం చూడాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పిచ్చమ్మ లోపల సీరియల్ ముగింపు పాట వినబడేదాకా కూర్చుని, అప్పుడు లేచింది. బొడ్డున దోపుకున్న సంచి విప్పి, ఇత్తడి అడకత్తెర బయటికి తీసి, వక్క ఒకటి కటుక్కున కత్తిరించి నోట్లో వేసుకుంది. తర్వాత తలుపు వైపు తిరిగి కేకేసింది.

"వదినా, అన్నయ్య దీన్ని పోగొట్టానని ఒప్పేసుకున్నాడు. రేపు సీరియల్ టయానికి ఇంకో వస్తువేదన్నా దాచిపెట్టు."