జోలపాటకు అనుమతి లేదు

ఊయలలు యాప్ స్టోరు ఒప్పుకున్న పాటలే పాడే రోజులవి. అత్తగారు వరాలమ్మ గొంతుతో కోమలి తయారుచేసిన జోలపాట యాప్‌ను స్టోరు మళ్లీ తిప్పిపంపింది.

“ఈసారేం వంక పెట్టారే?” అంది వరాలమ్మ.

“పరీక్షించి చూస్తే పిల్లలు చిటికెలో నిద్రపోతున్నారట అత్తయ్యా! దాంతో యాప్ వాడకం తగ్గిపోతుందట. మధ్యలో లేపి, ఇంకో పాట కావాలా అని అడగాలట!”

కోమలి మండిపడుతూ స్టోరుకు ఫోన్ చేసింది. ఫోనెత్తిన ఉద్యోగి ఇంటి నుంచే పనిచేస్తున్నాడు. అతని వెనక పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

“రూల్స్ మా చేతుల్లో లేవు మేడమ్,” అన్నాడతను. తర్వాత గొంతు తగ్గించాడు. “ఆ పాట ఒక్కసారి వినిపిస్తారా?”

వరాలమ్మ ఫోన్ లాక్కుని తనే పాడింది. ఏడుపు ఆగిపోయింది.

మర్నాటి నుంచి పసిపిల్లలున్న స్టోరు ఉద్యోగులంతా వరాలమ్మకే ఫోన్ చేయసాగారు. యాప్‌కు అనుమతి మాత్రం రానేలేదు.