మూడు వారాల కాంగా

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు, ఆర్తి కుడి మణికట్టుకు శుక్రవారం ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పాడు. ఆమె ప్రతి శనివారం పుదుచ్చేరిలోని ఒక హోటల్లో సల్సా నాట్యానికి కాంగా డ్రమ్ములు వాయిస్తుంది. ఒక్క వారం మానినా ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

అందుకే ఆ సాయంత్రం ముత్తియాల్‌పేటలోని ఇంట్లో తండ్రి విజయరంగన్ ఆమెకు బదులు వాయించడం నేర్చుకోవడానికి కాంగా ముందు కూర్చున్నాడు. నలభై ఏళ్లుగా ఆయనది మృదంగం.

ఎనిమిది దెబ్బల లాటిన్ నడక పది నిమిషాల్లో వచ్చింది. దాన్ని అలాగే సాగనివ్వడం రాలేదు. నాలుగు చుట్లు తిరగగానే ఆయన చేతులు ఒకే జతిని మూడుసార్లు వేసి, కచేరీలో పాట ముగించే తీర్మానంలా ఆపేస్తున్నాయి.

"నాయనా, మళ్లా ముగించినావు. పాటైపోయిందని ఆడేవాళ్లు యాడోళ్లాడ నిలబడిపోతారు."

"నిలబడనీ పాపా. నీళ్లు తాగొద్దా ఏంది వాళ్లు?"

ఆర్తి నవ్వింది. "ఇంకోసారి వాయించు. మూడు వారాలే గదా, ఆమేల నేను వచ్చేస్తా."

"సరి" అని ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఐదో చుట్టులో తీర్మానం పడింది. "చెయ్యి నా మాట వినలా" అన్నాడు.

పొద్దున ఆర్తి మందులు కొనడానికి వెళ్లినప్పుడు డాక్టరు ఆయనకు ఇంకో మాట చెప్పాడు. ఆపరేషన్ తర్వాత ఆ చేత్తో అన్నం తినవచ్చు, రాయవచ్చు, కానీ డ్రమ్ము వాయించడం ఇక కుదరదు. "నేనే చెప్తా" అని విజయరంగన్ ఒప్పుకున్నాడు.

ఇంకా చెప్పలేదు. బుధవారం సాయంత్రం ఐదింటికి రెండో పాఠం.